పాఠం 14 : పెద్దబడి, చిన్నబడి - టేబుల్ పేర్ల తికమక

ఈ పాఠం చదివిన తరువాత మీరు, ఒకే పేరును పెద్దబడి అక్షరాలలో రాసినప్పుడు ఒక రకంగానూ, చిన్నబడి అక్షరాలలో రాసినప్పుడు మరో రకంగానూ డేటాబేస్ ఎందుకు చూస్తుందో చెప్పగలుగుతారు. 'టేబుల్ లేదు' అన్న సమాధానం వచ్చినప్పుడు కంగారు పడకుండా ఎక్కడ వెదకాలో తెలుసుకుంటారు. మీ సొంత టేబుళ్ళకు, స్కీమాలకు పేర్లు పెట్టేటప్పుడు ఒక పద్ధతిని పాటించగలుగుతారు. వెనకటి పాఠాలలో నేర్చుకున్న క్రియేట్, ఇన్సర్ట్, సెలెక్ట్ ఆజ్ఞలు గుర్తుంటే చాలు.

14.1 గుర్తుల గురించి ఒక మాట

ఈ పుస్తకంలో ఆజ్ఞలను కూడా తెలుగు లిపిలోనే ఇస్తున్నాము. కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు మీరు వాటిని ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేస్తారు. తెలుగులో పెద్దబడి, చిన్నబడి తేడా లేదు కాబట్టి, ఈ పాఠం వరకు పేరు పక్కన ఒక గుర్తు ఉంచాము. ప్రొడక్షన్ (పె) అంటే అన్నీ పెద్దబడి అక్షరాలు. ప్రొడక్షన్ (చి) అంటే అన్నీ చిన్నబడి అక్షరాలు. ప్రొడక్షన్ (మొ) అంటే మొదటి అక్షరం మాత్రమే పెద్దబడి, తక్కినవి చిన్నబడి. ఈ గుర్తులను మీరు టైపు చేయకూడదు.

ముందుకు వెళ్ళే ముందు, మూడింటినీ ఒక కాగితం మీద ఇంగ్లీషులో రాసి పక్కన పెట్టుకోండి. పాఠం సగం అక్కడే అర్థమవుతుంది.

14.2 సూరత్‌లో ఒక లెక్కల గది

గుజరాత్‌లోని సూరత్ నగరం సింథటిక్ బట్టలకు, వజ్రాల సానకు పేరు పొందింది. వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుంచి వెళ్ళిన నేత కుటుంబాలు లింబాయత్ వంటి పేటలలో తరాలుగా స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతోంది. సిరిసిల్లలో లాగానే అక్కడ కూడా మరమగ్గాన్ని 'సాంచా' అంటారు. నేసే మనిషికి నెల జీతం కాదు, నేసిన మీటర్ల లెక్కన 'పగార్' వస్తుంది. అందువల్ల మీటర్ల లెక్క తప్పితే ఆ ఇంటి బియ్యం లెక్క తప్పినట్లే.

అటువంటి సాంచాల కార్ఖానాలో, పగలు లెక్కలు రాస్తూ రాత్రి మన పుస్తకాలు చదివే ఒక అభ్యాసకుణ్ణి ఊహించుకోండి. రోజువారీ మీటర్లను కంప్యూటరులో ఎక్కించే పని సేఠ్ అతనికి అప్పగించాడు. అతను విండోస్ ఉన్న కంప్యూటరులో మైఎస్‌క్యూఎల్ పెట్టుకుని, మిల్ (చి) అనే స్కీమాలో ప్రొడక్షన్ (మొ) అనే టేబుల్‌ను తయారు చేశాడు. అందులో నేతగాని నంబరు, తేదీ, మీటర్లు ఉంటాయి. మీటర్లు ఎక్కించే ఫారంలో టేబుల్ పేరును (మొ) అని రాశాడు. పక్షానికొకసారి పగార్ చిట్టా తీసే ఆజ్ఞలో మాత్రం బద్ధకించి (చి) అని రాశాడు. రెండూ పనిచేశాయి. కనుక తేడా ఉందని అతనికి తెలియలేదు.

తొమ్మిది రోజులు గడిచాయి. పదో రోజున లెక్కలన్నీ లైనక్స్ ఉన్న ఒక సర్వరుకు మార్చారు. చిట్టా బాగానే వచ్చింది. ఫారం మాత్రం 'మిల్.ప్రొడక్షన్ అనే టేబుల్ లేదు' అని మొరాయించింది. సాంచాలు ఆగవు, మీటర్లు ఎక్కించక తప్పదు. 'లేదంటోంది కదా, చేస్తే పోతుంది' అనుకుని అతను ప్రొడక్షన్ (మొ) అనే టేబుల్‌ను మళ్ళీ క్రియేట్ చేశాడు. ఫారం వెంటనే పనిచేసింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

పదిహేనో రోజున పగార్ చిట్టా తీశాడు. రోజుకు 300 మీటర్ల చొప్పున నేసిన మనిషికి 4,500 మీటర్లు రావాలి. చిట్టాలో 2,700 మాత్రమే ఉన్నాయి. కంప్యూటరు ఏ తప్పూ చూపలేదు. ఆరు రోజుల నేత, అంటే 1,800 మీటర్లు, కనిపించకుండా పోయింది.

ఇక్కడ ఆగి ఆలోచించండి: ఆ 1,800 మీటర్లు ఎక్కడ ఉన్నాయి?

14.3 తప్పు ఎక్కడ జరిగింది?

మైఎస్‌క్యూఎల్‌లో స్కీమా, డేటాబేస్ రెండూ ఒకటే. ప్రతి డేటాబేస్‌కూ డిస్కు మీద ఒక డైరెక్టరీ ఉంటుంది. ఆ డేటాబేస్‌లోని టేబుళ్ళకు ఆ డైరెక్టరీలో ఫైళ్ళు ఉంటాయి. అందువల్ల ఫైలు పేర్ల విషయంలో ఆ కంప్యూటరు ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఏ అలవాటు ఉందో, టేబుల్ పేర్లకూ ఆ అలవాటే అంటుకుంటుంది. మామూలుగా విండోస్ ఫైలు పేర్లలో పెద్దబడి, చిన్నబడి తేడా చూడదు. లైనక్స్ చూస్తుంది. లైనక్స్ దృష్టిలో ప్రొడక్షన్ (మొ), ప్రొడక్షన్ (చి) రెండు వేర్వేరు ఫైళ్ళు.

దీన్ని అదుపు చేసే ఒక అమరిక మైఎస్‌క్యూఎల్‌లో ఉంది. దాని పేరు 'లోయర్ కేస్ టేబుల్ నేమ్స్'. మామూలుగా లైనక్స్‌లో దాని విలువ 0. అంటే పేరును రాసినట్లే దాచి, అక్షరం అక్షరం పోల్చి చూడమని అర్థం. విండోస్‌లో విలువ 1. అంటే పేరును చిన్నబడిలోకి మార్చి దాచి, తేడా లేకుండా పోల్చమని. ఆపిల్ వారి మాక్ కంప్యూటర్లలో 2 ఉంటుంది; మనకు దానితో ప్రస్తుతం పని లేదు.

ఇప్పుడు కథ విడిపోతుంది. మన అభ్యాసకుడు విండోస్‌లో (మొ) అని రాసినా, మైఎస్‌క్యూఎల్ చప్పుడు చేయకుండా (చి) అని దాచుకుంది. లైనక్స్‌కు వెళ్ళింది ఆ (చి) టేబులే. ఫారం (మొ) కోసం అడిగింది. నిజంగానే అది లేదు. అతను దాన్ని సృష్టించగానే ఒకే పేరుతో రెండు టేబుళ్ళు తయారయ్యాయి. పాత తొమ్మిది రోజులు ఒకదానిలో, కొత్త ఆరు రోజులు మరొకదానిలో పడ్డాయి. చిట్టా పాతదాన్నే చదివింది.

'టేబుల్ లేదు' అన్న సమాధానం నిజానికి మేలు చేసే సమాధానం. పని ఆపి, తప్పు ఎక్కడో చూడమంటుంది. దాని నోరు మూయించడానికి కొత్త టేబుల్ చేసినప్పుడే ప్రమాదం మొదలయింది. నేను నేర్చుకునే రోజుల్లో సరిగ్గా ఈ పనే చేసి ఒక మధ్యాహ్నమంతా పోగొట్టుకున్నాను. అదృష్టం కొద్దీ అందులో ఎవరి పగారూ లేదు.

కాలమ్ పేర్ల విషయంలో ఈ బెడద లేదు. మైఎస్‌క్యూఎల్ ఏ కంప్యూటరులోనైనా కాలమ్ పేర్లలో పెద్దబడి, చిన్నబడి తేడా చూడదు. ఒకే ఆజ్ఞలో టేబుల్‌కు మీరు పెట్టే ముద్దుపేరు, అంటే అలియాస్, మాత్రం లైనక్స్‌లో తేడా చూస్తుంది. అందుకే ఆజ్ఞ మొదట్లో అలియాస్‌ను ఏ బడిలో రాస్తే చివరి దాకా అదే బడిలో రాయాలి.

పాఠ్యగత ప్రశ్నలు 14.1

(1) విండోస్‌లోని మైఎస్‌క్యూఎల్‌లో వర్కర్స్ (పె) అని టేబుల్ క్రియేట్ చేస్తే, అది ఏ రూపంలో దాచబడుతుంది?
(2) లైనక్స్‌లోని మైఎస్‌క్యూఎల్‌లో వర్కర్స్ (మొ), వర్కర్స్ (చి) అనే రెండు టేబుళ్ళు ఒకే స్కీమాలో ఉండగలవా?

14.4 ఎలా సరిచేయాలి?

మొదటి పని బ్యాకప్. అది అయ్యేదాకా ఏ ఆజ్ఞా ఇవ్వవద్దు. తరువాత 'షో టేబుల్స్' అని అడగండి. స్కీమాలో ఉన్న పేర్లన్నీ దాచిన రూపంలోనే కనిపిస్తాయి. మన కథలో ప్రొడక్షన్ రెండుసార్లు, రెండు బడులలో కనిపిస్తుంది. రెండింటిలోనూ వరుసలు ఎన్ని ఉన్నాయో 'సెలెక్ట్ కౌంట్'తో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. కొత్త టేబుల్‌లోని వరుసలను పాతదానిలోకి ఇలా తేవచ్చు:

ఇన్సర్ట్ ఇంటూ ప్రొడక్షన్ (చి) సెలెక్ట్ స్టార్ ఫ్రమ్ ప్రొడక్షన్ (మొ)

రెండు టేబుళ్ళలోనూ కాలమ్‌లు ఒకే వరుసలో ఉంటేనే ఈ ఆజ్ఞ సరిగా పనిచేస్తుంది. టేబుల్‌లో దానంతటదే పెరిగే క్రమ సంఖ్య ఉంటే, రెండింటిలోనూ 1, 2, 3 అని మొదలై ఉంటాయి కాబట్టి అవి ఢీకొంటాయి. అప్పుడు స్టార్‌కు బదులు నేతగాని నంబరు, తేదీ, మీటర్లు అని కాలమ్ పేర్లను విడివిడిగా రెండుచోట్లా రాయాలి. తరువాత మళ్ళీ లెక్కపెట్టండి. మొత్తం సరిపోయాక ఫారంలోని పేరును (చి)గా మార్చండి. అదనపు టేబుల్‌ను ఆ రోజే తీసేయనక్కర లేదు. ఒక పగార్ తేదీ దాటనివ్వండి.

ఈ రెండు టేబుళ్ళనూ అలాగే ఉంచి, బ్యాకప్ ఫైలును తిరిగి విండోస్ కంప్యూటరుకు తీసుకువెళితే ఏమవుతుంది? మైఎస్‌క్యూఎల్ డంప్ ఫైలులో మామూలుగా ప్రతి టేబుల్‌కు ముందు 'ఈ పేరుతో టేబుల్ ఉంటే తీసెయ్' అనే ఆజ్ఞ ఉంటుంది. విండోస్‌కు రెండు పేర్లూ ఒకటే. మొదటి టేబుల్ వచ్చి కూర్చుంటుంది. రెండోదాని వంతు రాగానే ఆ ఆజ్ఞ మొదటిదాన్ని తుడిచేస్తుంది. ఈసారి టేబుల్ ఒక్కటే కనిపిస్తుంది. పక్షం రోజులలో కొన్ని రోజుల లెక్క అసలు ఆ కంప్యూటరులోనే ఉండదు.

'ఇంత గొడవ దేనికి, లైనక్స్‌లో కూడా ఆ అమరికను 1 చేస్తే సరిపోదా?' అని మీరు అడగవచ్చు. సర్వరును మొదటిసారి సిద్ధం చేసేటప్పుడైతే చేయవచ్చు. 2018లో వచ్చిన 8.0 వెర్షన్ నుంచి, ఒకసారి సిద్ధమైన సర్వరులో దాన్ని మార్చడానికి వీలు లేదు.

14.5 ఒక్కో డేటాబేస్‌కు ఒక్కో అలవాటు

ఎస్‌క్యూఎల్ 1974లో ఐబీఎం సంస్థలో చేంబర్లిన్, బాయిస్ అనే ఇద్దరు రూపొందించిన సీక్వెల్ అనే భాష నుంచి పెరిగింది. ఆ కాలంలో అనేక యంత్రాలు, టెర్మినళ్ళు పెద్దబడి అక్షరాలతోనే పనిచేసేవి. ఆస్కీ అనే అక్షర సంకేతాల ప్రమాణం 1963లో మొదట వెలువడినప్పుడు అందులో చిన్నబడి అక్షరాలే లేవు. అవి 1967 నాటి కూర్పులో ఉన్నాయి. ఈ వాసన ఎస్‌క్యూఎల్‌లో ఇప్పటికీ ఉంది. కొటేషన్ గుర్తులు లేకుండా రాసిన పేరును పెద్దబడిలోకి మార్చి చూడాలని ఎస్‌క్యూఎల్ ప్రమాణం చెబుతుంది. జంట కొటేషన్ గుర్తుల మధ్య రాసిన పేరును మాత్రం రాసినది రాసినట్లే ఉంచాలి.

ఒరాకిల్ ఈ నియమాన్ని పాటిస్తుంది. కొటేషన్ లేకుండా మీరు ప్రొడక్షన్ (మొ) అని రాసినా, (చి) అని రాసినా అది (పె) అనే దాచుకుంటుంది, (పె) కోసమే వెదుకుతుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ దీనికి సరిగ్గా ఎదురు నడుస్తుంది. కొటేషన్ లేని పేరును చిన్నబడిలోకి మారుస్తుంది. ఏ దారిలో వెళ్ళినా, కొటేషన్ గుర్తులు వాడనంత కాలం మీకు ఇబ్బంది రాదు. ఏ బడిలో రాసినా టేబుల్ దొరుకుతుంది.

ఇబ్బంది కొటేషన్ గుర్తులతోనే వస్తుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో మీరు జంట కొటేషన్ల మధ్య ప్రొడక్షన్ (మొ) అని రాసి క్రియేట్ చేశారనుకోండి. తరువాత కొటేషన్ లేకుండా అదే పేరు, అదే బడిలో రాసి సెలెక్ట్ చేస్తే దొరకదు. ఎందుకంటే అది వెదికేది (చి) కోసం, అక్కడ ఉన్నది (మొ). కళ్ళెదుట ఉన్న టేబుల్‌ను లేదంటుంది. ఇక ఆ టేబుల్‌ను పిలిచిన ప్రతిసారీ కొటేషన్ గుర్తులు పెట్టాలి. మీరు చేతితో కొటేషన్లు పెట్టకపోయినా ఇది జరగవచ్చు. పీజీఅడ్మిన్ వంటి తెర మీద పేరును పెట్టెలో నింపి టేబుల్ చేస్తే, పెద్దబడి అక్షరం ఉన్న పేరుకు ఆ సాధనమే కొటేషన్లు తగిలిస్తుంది.

పేరు మార్చుకుంటే చిక్కు తీరుతుంది. ఆల్టర్ టేబుల్ అని రాసి, జంట కొటేషన్లలో ప్రొడక్షన్ (మొ) రాసి, రీనేమ్ టు ప్రొడక్షన్ (చి) అనాలి.

మైఎస్‌క్యూఎల్‌లో మామూలుగా జంట కొటేషన్లు పేర్లకు కాదు, విలువలకు వాడతారు. పేర్లకు వెనక్కి వాలిన ఒంటి గుర్తు, అంటే బ్యాక్‌టిక్, వాడతారు. అది పేరును కాపాడుతుందే తప్ప బడి తేడాను మార్చదు. మైక్రోసాఫ్ట్ వారి ఎస్‌క్యూఎల్ సర్వర్ విషయంలో ఆ డేటాబేస్‌కు ఎంచుకున్న కొల్లేషన్‌ను బట్టి ఉంటుంది; సాధారణంగా తేడా చూడని కొల్లేషనే కనిపిస్తుంది. మొబైల్ ఫోన్లలో ఎక్కువగా వాడే ఎస్‌క్యూలైట్, ఇంగ్లీషు అక్షరాల పేర్లలో తేడా చూడదు. కొటేషన్లు పెట్టినా చూడదు.

స్కీమా పేర్లకూ ఇవే అలవాట్లు వర్తిస్తాయి. మైఎస్‌క్యూఎల్‌లో స్కీమా ఒక డైరెక్టరీ కాబట్టి లైనక్స్‌లో మిల్ (మొ), మిల్ (చి) రెండు వేర్వేరు స్కీమాలు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో స్కీమా పేరును, టేబుల్ పేరును చుక్కతో కలిపి రాసేటప్పుడు, కొటేషన్లు పెట్టవలసివస్తే ఒక్కొక్క పేరుకు విడిగా పెట్టాలి. రెండింటినీ కలిపి ఒకే జత కొటేషన్లలో పెడితే, చుక్కతో సహా అదంతా ఒకే టేబుల్ పేరు అయిపోతుంది. అటువంటి టేబుల్ ఎక్కడా ఉండదు.

14.6 పేరు వేరు, విలువ వేరు

టేబుల్ పేరును ఆజ్ఞలో రాయడం ఒక సంగతి. ఆ పేరును ఒక విలువగా వెదకడం మరో సంగతి. ఒరాకిల్‌లో 'యూజర్ టేబుల్స్' అనే జాబితాలో టేబుల్ పేర్లు వరుసలుగా ఉంటాయి. అందులో వేర్ షరతు పెట్టి ప్రొడక్షన్ (చి) కోసం వెదికితే ఒక్క వరుస కూడా రాదు. అక్కడ ఉన్నది (పె). ఒంటి కొటేషన్లలో రాసిన విలువను ఒరాకిల్ పెద్దబడిలోకి మార్చదు.

ఊరి పేరు కాలమ్‌లో ఒకరు సూరత్ (మొ) అని, మరొకరు సూరత్ (పె) అని ఎక్కించినా ఇదే ప్రశ్న వస్తుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ వాటిని రెండు ఊర్లుగా చూస్తుంది. మైఎస్‌క్యూఎల్ తన మామూలు కొల్లేషన్‌తో ఒకే ఊరుగా చూస్తుంది. చిత్రమేమంటే, లైనక్స్‌లో టేబుల్ పేరులో తేడా చూసే అదే మైఎస్‌క్యూఎల్, ఆ టేబుల్ లోపలి విలువలలో తేడా చూడదు.

14.7 తెలుగులో పేరు పెడితే?

సంపర్క తరగతులలో ఈ పాఠం చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు: "మన తెలుగులో పెద్ద అ, చిన్న అ లేవు కదండీ. టేబుల్‌కు తెలుగులోనే పేరు పెట్టేస్తే ఈ బాధ తప్పుతుంది కదా?" మంచి ప్రశ్న. సూరత్‌లోని తెలుగు పిల్లవాడు తెలుగు, గుజరాతీ, హిందీ, ఇంగ్లీషు చదువుతాడు. ఈ నాలుగింటిలో పెద్దబడి, చిన్నబడి ఉన్నది ఇంగ్లీషుకు ఒక్కదానికే. మనకు అక్షరం ఒకటే రూపం. అందుకే ఇంగ్లీషులో రెండు రూపాలనూ మనం 'ఒకే అక్షరం' అని అలవాటుగా చదివేస్తాము. యంత్రానికి అవి రెండు సంఖ్యలు. ప్రొడక్షన్ మొదటి అక్షరమైన పి, ఆస్కీలో పెద్దబడి అయితే 80, చిన్నబడి అయితే 112.

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, మైఎస్‌క్యూఎల్ రెండూ తెలుగు పేర్లను ఒప్పుకుంటాయి. 'ఉత్పత్తి' అనే టేబుల్ నిజంగానే చేయవచ్చు. బడి బాధ తప్పుతుంది, కానీ రెండు కొత్త బాధలు వస్తాయి.

మొదటిది పొడవు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో పేరు 63 బైట్లకు మించితే మిగిలినది కత్తిరించబడుతుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు గుర్తుకు 3 బైట్లు పడతాయి. గుణింతపు గుర్తు, పొల్లు కూడా విడివిడి గుర్తులే. 'ఉత్పత్తి' అన్న చిన్న మాటే 8 గుర్తులు, 24 బైట్లు. 21 గుర్తులు దాటితే పేరు తెగుతుంది.

రెండవది కంటికి కనిపించనిది. 'సూరత్‌లో' అని రాసేటప్పుడు త, ల కలిసి ఒత్తు పడకుండా ఉండటానికి మధ్యలో ఒక కనిపించని గుర్తు టైపు చేస్తాము. ఆ మాట చివరి 'లో' తీసేసి 'సూరత్' అని మిగిల్చినప్పుడు, ఆ గుర్తు చివరన అంటుకుని ఉండిపోవచ్చు. తెర మీద రెండు 'సూరత్'లకూ తేడా ఉండదు. డేటాబేస్‌కు అవి రెండు వేర్వేరు పేర్లు. పెద్దబడి, చిన్నబడి తేడానైతే కళ్ళు చికిలించి చూస్తే పట్టుకోవచ్చు. దీన్ని కళ్ళతో పట్టుకోలేము. పేరు పొడవును కంప్యూటరుచేత కొలిపించాలి.

కనుక విలువలను తెలుగులో నిరభ్యంతరంగా ఎక్కించండి. నేతగాని పేరు అతని భాషలో ఉండటమే మర్యాద. టేబుల్, స్కీమా పేర్లను మాత్రం ఇంగ్లీషు చిన్నబడి అక్షరాలలో, మాటకూ మాటకూ మధ్య కింది గీతతో, కొటేషన్ గుర్తులు లేకుండా రాయండి. ఒరాకిల్ వాటిని లోపల పెద్దబడిలో దాచుకున్నా మీకు అడ్డం రాదు. మైఎస్‌క్యూఎల్ తయారుచేసినవారు తమ సూచనలలో చెప్పేదీ చిన్నబడే.

కృత్యం : మీ దగ్గర ఉన్న డేటాబేస్‌లో ఒక ఖాళీ స్కీమా తెరిచి, ఒకే పేరుతో (మొ), (చి) రెండు టేబుళ్ళు చేయడానికి ప్రయత్నించండి. రెండోసారి అది ఒప్పుకుందా, 'ఇప్పటికే ఉంది' అందా? టేబుళ్ళ జాబితాలో ఏ రూపం కనిపించింది? జవాబును తేదీతో సహా మీ నోటు పుస్తకంలో రాసుకోండి. కంప్యూటరు మారినప్పుడల్లా ఈ కృత్యం మళ్ళీ చేయండి.

పాఠ్యగత ప్రశ్నలు 14.2

(1) పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో కొటేషన్లు లేకుండా వర్కర్స్ (మొ) అని టేబుల్ చేశారు. ఇప్పుడు జంట కొటేషన్లలో వర్కర్స్ (మొ) అని సెలెక్ట్ చేస్తే ఏమవుతుంది?
(2) అదే పని ఒరాకిల్‌లో చేస్తే, జంట కొటేషన్లలో ఏ రూపం రాస్తే టేబుల్ దొరుకుతుంది?
(3) 14.2లోని అభ్యాసకుడు పదో రోజున కొత్త టేబుల్ చేయడానికి ముందు ఏ ఆజ్ఞ ఇచ్చి ఉంటే 1,800 మీటర్లు తప్పిపోయేవి కావు?

జవాబులు

14.1 : (1) వర్కర్స్ (చి). (2) ఉండగలవు, 'లోయర్ కేస్ టేబుల్ నేమ్స్' విలువ 0 అయితే.
14.2 : (1) దొరకదు, దాచినది (చి). (2) వర్కర్స్ (పె). (3) షో టేబుల్స్. ప్రొడక్షన్ (చి) అక్కడే ఉందని కనిపించేది; ఫారంలో ఒక్క అక్షరం మారిస్తే సరిపోయేది.